ఎవరు ఆగాలి?

స్థలం, పేరు, ముఖం: మూడు రకాల కేసులు, తేలేదాకా ఎవరు ఓపిక పట్టాలన్న ఒకే పేచీ

2024 ఆగస్టు 24, శనివారం. హైదరాబాద్ మాదాపూర్‌లో తమ్మిడికుంట చెరువు పక్కనున్న ఎన్ కన్వెన్షన్ హాలు దగ్గరికి పొద్దున్నే, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా యంత్రాలు చేరుకున్నాయి. పెళ్లిళ్లకు, సినిమా వేడుకలకు పేరుమోసిన హాలు అది. యజమాని అక్కినేని నాగార్జున తరఫు న్యాయవాదులు హైకోర్టుకు పరిగెత్తారు. అదే రోజు స్టే వచ్చింది. అది వచ్చేసరికి హాలు నేలమట్టమైంది. ఆపమన్న ఉత్తర్వు చేతిలో ఉంది, ఆపడానికి అక్కడేమీ లేదు.

నెలన్నర తిరక్కముందే, అక్టోబరు 2న, రాష్ట్ర మంత్రి కొండా సురేఖ విలేకరుల ముందు ఒక మాట అన్నారు. ఆ మాటలో ఈ హాలు ఉంది, నాగార్జున కొడుకు విడాకులు ఉన్నాయి, ప్రతిపక్ష పార్టీ నేత కేటీఆర్ ఉన్నారు. అదేమిటో ఇక్కడ మళ్లీ రాయనక్కర్లేదు. ఒకసారి అన్నందుకే గొడవ ఏడాది పైన నడిచింది. మర్నాడే నాగార్జున నాంపల్లి కోర్టులో క్రిమినల్ పరువు నష్టం ఫిర్యాదు వేశారు. 2025 సెప్టెంబరు 25న అదే నాగార్జునకు ఢిల్లీ హైకోర్టులో ఊరట దొరికింది. తన పేరునూ ముఖాన్నీ గొంతునూ ఎవరుపడితే వాళ్లు వాడుకుని బూతు వీడియోలు, టీషర్టులు, ఏఐ బొమ్మలు చేస్తున్నారన్నది అక్కడి దావా.

పదమూడు నెలల్లో ఒకే మనిషి స్థలం కోసం ఒక కోర్టుకు, పేరు కోసం ఒక కోర్టుకు, ముఖం కోసం ఇంకో కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. మూడు కేసులనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి తెలుస్తుంది. తప్పెవరిదన్నది తేలడానికి ఏ కేసులోనైనా ఏళ్లు పడుతుంది. కోర్టు ముందుకు మొట్టమొదట వచ్చే పేచీ వేరు. తేలేదాకా ఎవరు ఆగాలి? యంత్రం ఆగాలా, మాట ఆగాలా, వీడియో ఆగాలా, లేకపోతే నష్టపోయినవాడే ఓపిక పట్టాలా? ఈ రెండు మూడేళ్లలో వచ్చిన ఉత్తర్వులను చూస్తే స్థలానికి ఒక జవాబు, మాటకు ఒక జవాబు, ముఖానికి ఒక జవాబు కనిపిస్తున్నాయి. ఆ తేడాకు చట్టంలో కారణాలున్నాయి. చట్టంలో లేని కారణాలు కూడా ఉన్నాయి.

సెలవు రోజు పని

ముందు చెరువు సంగతి. వాన దండిగా పడి, చెరువు నిండి, అలుగు పారేటప్పుడు నీళ్లు ఎంత దూరం నిలుస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. దాని బయట కొంత మేర బఫర్. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలి. కాగితం మీద చాలా సులువు. నేల మీదికి వస్తే ఆ గీత ఎక్కడుందో చెప్పడం అంత తేలిక కాదు. అలుగు ఎత్తు మారితే గీత మారుతుంది. ఎగువ కాలువ పూడిపోతే చెరువుకు నీళ్లే రావు, ఏళ్ల తరబడి ఎండిన నేల చూసినవాడికి అక్కడ చెరువుండేదని కూడా తెలియదు. పైగా తెలంగాణలో శిఖం పట్టాలని ఉన్నాయి. నీళ్లు దిగిన కాలంలో చెరువు కడుపులో సాగు చేసుకునే భూములవి. పట్టా నిజమే, నీళ్లూ నిజమే. పంట వేసుకోమన్న పట్టా మీద అపార్ట్‌మెంటు లేచినప్పుడే అసలు గొడవ మొదలవుతుంది.

ఎన్ కన్వెన్షన్ విషయంలో హైడ్రా చెప్పిందేమిటంటే: ఎఫ్‌టీఎల్‌లో ఎకరానికి పైగా, బఫర్‌లో రెండెకరాలకు పైగా ఆక్రమణ ఉంది, కట్టడానికి అనుమతుల్లేవు. నాగార్జున చెప్పిందేమిటంటే: అది పట్టా భూమి, చెరువులో అంగుళం కూడా ఆక్రమించలేదు, నోటీసు ఇవ్వకుండా కూల్చారు, కోర్టు తప్పని తేలిస్తే నేనే కూల్చేవాణ్ని. ఎవరి మాట నిజమన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. తేల్చడానికి ముందే యంత్రం తన పని ముగించుకుని వెళ్లిపోయింది.

తేదీలు గమనించండి. అది శనివారం. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 22న, అమీన్‌పూర్‌లో కూల్చివేత. అది ఆదివారం. ఆ కేసు విచారణలో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె. లక్ష్మణ్ హైడ్రా కమిషనర్‌ను సూటిగా అడిగారు: వారాంతంలో, అంత తొందరగా ఎందుకు కూల్చాల్సి వచ్చింది? తహసీల్దారు అడిగితే చార్మినార్‌నూ కూల్చేస్తారా? ఆ మాట మర్నాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. నవ్వుకున్నవాళ్లు ఉన్నారు గానీ అందులో ఉన్నది నవ్వులాట కాదు. శుక్రవారం సాయంత్రం కోర్టు తలుపులు మూసుకుంటే సోమవారం పొద్దున దాకా మామూలు మనిషికి స్టే దొరకదు. సినిమా హీరోకు శనివారం కూడా కోర్టు దొరికింది, అయినా హాలు దక్కలేదు. ఇక బ్యాంకు అప్పు తీర్చుకుంటూ రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్న గుమాస్తా పరిస్థితి చెప్పాలా? అతను కొన్న లేఅవుట్‌కు పంచాయతీ అనుమతి ఇచ్చింది, రిజిస్ట్రారు ముద్ర వేశాడు, కరెంటు వాళ్లు మీటరు పెట్టారు, ఇంటి పన్ను కట్టించుకున్నారు. చెరువు గీత ఆఖరున గుర్తొచ్చింది, దాని భారం అతని మీద మాత్రమే పడేలా.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ‘బుల్డోజర్ న్యాయం’ మీద పెద్ద తీర్పే ఇచ్చింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం అది. పదిహేను రోజుల నోటీసు ఉండాలి, ఇంటివాళ్ల మాట వినాలి, కూల్చేటప్పుడు వీడియో తీయాలి, నిబంధన తప్పిన అధికారి జేబులోంచి నష్టపరిహారం రాబట్టాలి. ఈ వార్త విని చెరువు పక్కన ఇళ్లున్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారేమో. తీర్పులో ఇంకో వాక్యం ఉంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్క జాగాలు, నదులు, నీటి వనరుల్లోని అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. హైదరాబాద్ గొడవల్లో చాలా భాగం ఆ మినహాయింపులోకే వెళ్లి పడుతుంది.

చెరువును కాపాడటానికి అంత పట్టుదల ఉండాల్సిందే. 2020 అక్టోబరులో వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చిన కాలనీలు ఇంకా దాన్ని మరచిపోలేదు. కానీ వర్తించదన్న మినహాయింపు ఎవరికి వర్తిస్తుందో తెలియాలంటే ముందు గీత తేలాలి. గీత తేల్చేదీ ప్రభుత్వమే, కూల్చేదీ ప్రభుత్వమే అయినప్పుడు మధ్యలో ఒక్క పని దినమైనా కోర్టుకు వదలడం న్యాయం.

కూల్చడానికి ఒక పూట చాలు. కట్టించడం మాత్రం కోర్టుల వల్ల కూడా కావడం లేదు. అమరావతి చూడండి. 29 గ్రామాల రైతులు భూ సమీకరణలో దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఎకరానికి 1,000, 450. పదేళ్లపాటు ఏటా కౌలు, మెట్టకు రూ.30 వేలు, జరీబుకు రూ.50 వేలతో మొదలుపెట్టి ఏటా పది శాతం పెంపు. కృష్ణ ఒడ్డున ఏడాది పొడవునా ఏదో ఒక పంట పండే జరీబు నేలను ఈ లెక్కకు ఇచ్చారంటే అది ప్రభుత్వం మాట మీద నమ్మకమే. రాజధానులు మూడని ప్రభుత్వం అన్నాక వాళ్లు కోర్టుకెక్కారు. 2022 మార్చి 3న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఒప్పందానికి ప్రభుత్వం కట్టుబడాల్సిందేనంది. మూడు నెలల్లో ప్లాట్లు, ఆరు నెలల్లో రాజధాని పనులు అని గడువులు పెట్టింది. అదే ఏడు నవంబరు 28న సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇస్తూ, కోర్టులు టౌన్‌ప్లానర్లు కాలేవు కదా అని అడిగింది. ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఆ స్టేతో ఆగింది ప్రభుత్వం చెయ్యాల్సిన పని, ఆగాల్సి వచ్చింది మాత్రం భూమి ఇచ్చినవాడు. పనులు మళ్లీ కదిలింది కోర్టు తీర్పుతో కాదు, 2024 ఎన్నికలతో.

ఒక మాటకు ఇరవై నాలుగేళ్లు

మాట దగ్గర చట్టం తీరు వేరు. మాటను ముందుగా ఆపకూడదన్నది పాత సూత్రం. తప్పు మాట అయితే తర్వాత నష్టపరిహారం ఇప్పించొచ్చు, ముందే నోరు మూయిస్తే నిజం కూడా లోపలే ఉండిపోతుంది. మన దేశంలో ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టిన తీర్పుల్లో ఒకదాన్ని రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో చాలాకాలం న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. 1994 నాటి ఆటో శంకర్ కేసు. ఉరిశిక్ష పడ్డ ఖైదీ జీవితకథను తమిళ పత్రిక నక్కీరన్ అచ్చు వేయబోతే, అందులో తమ పేర్లు బయటికొస్తాయని జైలు అధికారులు అడ్డుపడ్డారు. అచ్చు కాకముందే ఆపే హక్కు మీకు లేదంది సుప్రీంకోర్టు. దాంతోపాటే ఇంకో మాట అంది: ప్రభుత్వం, స్థానిక సంస్థలు తమ పరువు పోయిందని నష్టపరిహారం దావా వేయడానికి వీల్లేదు. ఈ రెండో మాట ఈ కథ చివర్లో పనికొస్తుంది.

ఇంకొకటి కూడా ఆ తీర్పులోనే ఉంది. ఒక మనిషి పేరునూ రూపాన్నీ అనుమతి లేకుండా వ్యాపార ప్రకటనకు వాడుకుంటే అది అతని ఏకాంత హక్కును భంగపరచడమే. పత్రికా స్వేచ్ఛకు దారి వేసిన తీర్పూ, ఇవాళ సినిమా తారలు పట్టుకొస్తున్న హక్కుకు బీజం వేసిన తీర్పూ ఒకటే.

2024 మార్చి 22న సుప్రీంకోర్టు పాత సూత్రాన్ని మళ్లీ గుర్తుచేసింది. జీ సంస్థ గురించి బ్లూమ్‌బర్గ్ రాసిన కథనాన్ని తీసేయమని ఢిల్లీ కింది కోర్టు ఏకపక్షంగా చెప్పింది, హైకోర్టూ సరేనంది. సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసి, డబ్బున్నవాళ్లు దావాల బరువుతో నోరు మూయించే పద్ధతి గురించి కింది కోర్టులను హెచ్చరించింది. చెప్పినంత మాత్రాన జరుగుతుందా? 2025 సెప్టెంబరు 6న ఢిల్లీ రోహిణి కోర్టులో అదానీ సంస్థ పాత్రికేయుల మీద అలాంటి ఏకపక్ష ఉత్తర్వే తెచ్చుకుంది. నలుగురు పాత్రికేయులు అప్పీలుకు వెళితే, వాళ్ల మాట వినకుండా ఎలా ఇస్తారని పై న్యాయమూర్తి వాళ్ల వరకు దాన్ని కొట్టేశారు. ఈలోపు లింకులు తొలగిపోయాయి.

ఇదంతా సివిల్ దారి. మన దగ్గర క్రిమినల్ దారి కూడా ఉంది, మనవాళ్లకు అదే ఎక్కువ ఇష్టం. పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్తగా సమాజ సేవ కూడా. ఇది రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016 మే 13న సుబ్రమణ్యస్వామి కేసులో తేల్చింది. ఆ పిటిషనర్లలో రాహుల్ గాంధీ ఒకరు. ఏడేళ్లకు సూరత్ కోర్టు ఆయనకే అదే సెక్షన్ కింద నిండా రెండేళ్లు వేసింది, మర్నాడే ఎంపీ పదవి పోయింది. శిక్షలో ఒక్కరోజు తగ్గినా అనర్హత వచ్చేది కాదు, గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చెప్పలేదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 4న ఆ దోషనిర్ధారణ మీద స్టే ఇచ్చింది.

క్రిమినల్ పరువు నష్టం కేసు ఎంత కాలం నడుస్తుందో తెలియాలంటే మేధా పాట్కర్ కేసు చూడాలి. సర్దార్ సరోవర్ ఆనకట్ట ఎత్తు మీద గొడవ మంచి వేడిలో ఉన్న రోజులు. నర్మదా బచావో ఆందోళనకు వ్యతిరేకంగా అహ్మదాబాద్‌లో ఒక సంస్థ పెట్టి ప్రకటనలు ఇస్తున్న వి.కె. సక్సేనా గురించి 2000 నవంబరులో, ఆ ఆందోళన నాయకురాలు మేధా పాట్కర్ పేరుతో ఒక పత్రికా ప్రకటన వెలువడింది. ఆయన 2001లో కేసు వేశారు. 2024 మేలో దోషి అని తీర్పు, జులైలో ఐదు నెలల జైలు, రూ.10 లక్షల పరిహారం. 2025లో పై కోర్టు ప్రొబేషన్ మీద వదిలి ఆ మొత్తాన్ని లక్షకు తగ్గించింది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు దోషనిర్ధారణను అలాగే ఉంచి, ఆ లక్ష కూడా అక్కర్లేదంది. ఈ ఇరవై నాలుగేళ్లలో ఆనకట్ట పూర్తయింది, ఊళ్లు మునిగాయి, ఫిర్యాదుదారు ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు అయ్యారు. ఎవరి పరువు ఎంత పోయిందో, ఎంత తిరిగొచ్చిందో లెక్క తీయమంటే ఏ కోర్టు తీస్తుంది?

నాంపల్లి కేసు అంత దూరం పోలేదు. 2024 అక్టోబరు 8న నాగార్జునే కోర్టుకొచ్చి వాంగ్మూలం ఇచ్చారు. నవంబరు చివర కోర్టు మంత్రికి సమన్లు పంపింది. కేటీఆర్ విడిగా వేసిన రూ.100 కోట్ల దావాలో సిటీ సివిల్ కోర్టు ఆ వ్యాఖ్యలను మీడియాలోంచి తీసేయమంది. ఆఖరికి 2025 నవంబరులో మంత్రి ఒక అర్ధరాత్రి ఎక్స్‌లో విచారం వ్యక్తం చేశారు, నాగార్జున తన కేసు వెనక్కి తీసుకున్నారు. తీర్పు లేదు, జరిమానా లేదు. నిజం చెప్పాలంటే పరువు నష్టం కేసు వేసే చాలామందికి కావాల్సింది ఇదే, ఎదుటివాడు నలుగురి ముందు తప్పయిందనడం. దానికి జైలు భయం అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఒక వార్తా సంస్థ కేసులో 2025 సెప్టెంబరులో జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్, దీన్ని నేరాల జాబితాలోంచి తీసేసే సమయం వచ్చిందని మౌఖికంగా అన్నారు. నా ఓటు కూడా అటే. ఇంకో సంగతి. మంత్రి అన్న ఆ మాటతో అందరికన్నా ఎక్కువ గాయపడ్డ, నాగార్జున కొడుకు మాజీ భార్య సమంత, రాజకీయ గొడవల్లోకి నా పేరు లాగకండని ఒక ప్రకటన ఇచ్చి ఊరుకున్నారు. కేసులన్నీ మగవాళ్లే వేశారు.

అశోక్ కుమార్ ఎవరు?

ముఖం దగ్గరికి వచ్చేసరికి కోర్టులు ఆగమనడానికి ఏమాత్రం ఆలస్యం చెయ్యడం లేదు. 2022 నవంబరు 25న అమితాబ్ బచ్చన్ వెళ్లారు. కేబీసీ లాటరీలో పాతిక లక్షలు తగిలాయంటూ ఆయన ఫొటోతో మీ వాట్సాప్‌కూ ఒక మెసేజ్ వచ్చే ఉంటుంది, అలాంటివి ఆపాలన్నది అందులో ఒక కోరిక. 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ ‘ఝకాస్’ అన్న ఊతపదంతో సహా రక్షణ తెచ్చుకున్నారు. 2024లో జాకీ ష్రాఫ్, బొంబాయి హైకోర్టులో గాయకుడు అరిజిత్ సింగ్. 2025 సెప్టెంబరులో ఐశ్వర్యారాయ్, అభిషేక్, కరణ్ జోహార్, నాగార్జున వరసగా. అదే నెల 26న హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు చిరంజీవి పేరుతోపాటు ‘మెగాస్టార్’, ‘చిరు’, ‘అన్నయ్య’ అన్న పిలుపులనూ కాపాడుతూ ఉత్తర్వు ఇచ్చింది. ఇంట్లో పెద్దవాణ్ని అన్నయ్యా అని పిలిచే తమ్ముళ్లేమీ భయపడనక్కర్లేదు, అమ్ముకోవడానికి వాడొద్దన్నదే దాని ఉద్దేశం.

ఎక్కువమంది ఢిల్లీకే ఎందుకు వెళ్తారు? రూ.2 కోట్లు దాటిన సివిల్ దావాలు అక్కడ నేరుగా హైకోర్టులోనే వేయొచ్చు. మేధోసంపత్తి కేసులకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. ఇంటర్‌నెట్‌లో పెట్టినది ఢిల్లీలోనూ కనిపిస్తుంది కాబట్టి అధికార పరిధి ఉందని చెప్పుకోవచ్చు. ప్రతివాదులు చాలావరకు ఊరూ పేరూ తెలియనివాళ్లు. ఇంగ్లిష్ కోర్టులు వాళ్లకు జాన్ డో అని పేరు పెడితే మన కోర్టులు అశోక్ కుమార్ అని పెట్టాయి. ఆ అశోక్ కుమార్ వచ్చి వాదించడు కాబట్టి ఉత్తర్వు ఏకపక్షంగానే వస్తుంది. పత్రిక మీద ఏకపక్ష ఉత్తర్వు తప్పన్న న్యాయవ్యవస్థే ఇక్కడ దాన్ని రోజువారీ పని చేసుకుంది.

బూతు డీప్‌ఫేక్ విషయంలో అది సబబే. ఆగితే జరిగే నష్టం తర్వాత ఏ పరిహారంతోనూ తీరదు. చిక్కు ఎక్కడంటే, బూతు వీడియో, నకిలీ టీషర్టు, వెక్కిరింపు మీమ్ మూడూ ఒకే పిటిషన్‌లో ఒకే జాబితాగా వస్తాయి. ఒక్క బ్రహ్మానందం గారు కోర్టుకెళ్లారంటే తెలుగు వాట్సాప్ గ్రూపులు మూగబోతాయి. అందుకని కొందరు న్యాయమూర్తులు విడదీసి చూస్తున్నారు. 2010లో దలేర్ మెహందీ పోలికతో పాట పాడే బొమ్మలమ్మిన దుకాణం మీద ఉత్తర్వు ఇస్తూనే జస్టిస్ రవీంద్ర భట్, ఈ హక్కు పేరుతో వ్యంగ్యాన్నీ క్యారికేచర్‌నూ అణచొద్దని రాశారు. జాకీ ష్రాఫ్ కేసులో జస్టిస్ సంజీవ్ నరూలా వ్యాపారస్తులను ఆపారు గానీ, ఆయన ఇంటర్వ్యూ ముక్కలతో ‘థగ్ లైఫ్’ వీడియో చేసిన యూట్యూబర్‌ను మాత్రం వినకుండా ఆపనన్నారు. మహమ్మద్ సిరాజ్ లాంటి క్రికెటర్లు వాదుల్లో ఉన్న 2023 కేసులో జస్టిస్ అమిత్ బన్సల్, ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు లోకానికి తెలిసినవే, వాటి మీద ఒకరికే గుత్తాధిపత్యం ఇవ్వలేనన్నారు.

చనిపోయాక? సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు ఆ హక్కు మనిషితోనే పోతుందంది. మనకిది ఎక్కడో జరిగిన విషయం కాదు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో సృష్టించారని, మమ్మల్ని అడగలేదని కొడుకు చరణ్ నోటీసు పంపారు. ఢిల్లీ తీర్పే సరైతే చరణ్ చేతిలో ఆ హక్కు మిగలదు. గొంతు ఇంకా రోజూ పాడుతూనే ఉన్నప్పుడు హక్కు మాత్రం 2020లోనే పోయిందనడం నాకైతే మింగుడుపడదు.

పేరున్నవాళ్ల సంగతి ఇది. 2023 నవంబరులో రష్మిక డీప్‌ఫేక్ వచ్చినప్పుడు దేశమంతా మాట్లాడింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు వచ్చి గుంటూరు జిల్లా యువకుణ్ని పట్టుకెళ్లారు. ఆ వీడియోలో ముఖం రష్మికది, ఒళ్లు మాత్రం బ్రిటన్‌లో ఉండే భారతీయ సంతతి అమ్మాయిది. లిఫ్టులోకి వస్తూ తను తీసుకున్న మామూలు వీడియో అది. కేసులో, చర్చలో ఆమె ఎక్కడో పక్కన ఉండిపోయింది.

2025 జులైలో మద్రాస్ హైకోర్టుకు ఒక యువ న్యాయవాది వచ్చింది. కాలేజీ రోజుల్లో ప్రేమించినవాడు రహస్యంగా తీసిన వీడియోలు పదుల సైట్లలో తిరుగుతున్నాయి. ఫిర్యాదు చేస్తే ఒకచోట పోతాయి, ఇంకోచోట లేస్తాయి. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 48 గంటల్లో తీసేయించమని కేంద్రాన్ని ఆదేశించారు. విచారణ పేరుతో ఆమె ఎదుటే మగ పోలీసులు ఆ వీడియోలు చూశారని తెలిసి మండిపడ్డారు. న్యాయవాదికే ఇలా ఉంటే చట్టం తెలియని ఆడపిల్ల ఏమైపోతుందని, బాధితులకు ఒక పద్ధతి రాసిపెట్టమన్నారు. ఆ ఏడు నవంబరులో కేంద్ర ఐటీ శాఖ ఆ పద్ధతి విడుదల చేసింది. నిజానికి 2021 ఐటీ నిబంధనలు వచ్చినప్పుడే ఇలాంటి వీడియో మీద బాధితురాలి ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని రాశారు. కోర్టుకు వెళ్లక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? 2025 డిసెంబరులో జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ దావాలు వేస్తే ఢిల్లీ హైకోర్టు కూడా ముందు ఈ దారే చూపించింది. దావానే ఫిర్యాదుగా తీసుకుని తేల్చండని ప్లాట్‌ఫాంలకు చెప్పింది. హీరో అయినా మామూలు మనిషైనా ఒకే కిటికీ దగ్గర నిలబడాలన్న ఈ పద్ధతి, ఈ మధ్య వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది.

నెమళ్లు

స్థలం, పేరు, బొమ్మ మూడూ ఒక్కచోట కలిసిన గొడవ కంచ గచ్చిబౌలి.

2025 మార్చి 30. ఉగాది, అందులోనూ ఆదివారం. మర్నాడు రంజాన్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన సర్వే నంబరు 25లోని 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. రాత్రింబవళ్లు లైట్లు పెట్టుకుని చెట్లు కొట్టాయి. ఆ భూమి ప్రభుత్వానిదే. ఉమ్మడి రాష్ట్రంలో ఐఎంజీ భారత అన్న సంస్థకు ఇచ్చి, 2006లో రద్దు చేస్తే, ఆ వ్యాజ్యం 2024 మేలో సుప్రీంకోర్టులో ప్రభుత్వం పక్షాన ముగిసింది. ఐటీ కోసం వేలం వేస్తామని ప్రభుత్వం అంది. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు, ఫోన్లతో తీసిన వీడియోలు ఊరంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, హైకోర్టు రిజిస్ట్రారును అదే రోజు అక్కడికి పంపించి, నివేదిక చూసి పనులు ఆపేసింది. దాదాపు వంద ఎకరాలు అప్పటికే పోయాయి. అడవిని తిరిగి పెంచుతారా, ప్రధాన కార్యదర్శిని అక్కడి చెరువు పక్కనే తాత్కాలిక జైలు కట్టించి అందులో పెట్టమంటారా అని తర్వాతి విచారణలో జస్టిస్ గవాయ్ అడిగారు. కోర్టులకు మూడు రోజులు సెలవులు చూసుకునే ఈ పని మొదలుపెట్టారన్న అనుమానాన్ని కూడా మేలో పైకే అన్నారు.

ఈలోగా ప్రభుత్వం ఇంకో వాదన ఎత్తుకుంది. నెట్‌లో తిరుగుతున్న జింకలు, నెమళ్ల బొమ్మల్లో చాలావరకు ఏఐతో చేసినవనీ, వాటితో రాష్ట్రానికి చెడ్డపేరు తెస్తున్నారనీ అంది. ఏప్రిల్ 5న ముఖ్యమంత్రి సమీక్ష పెట్టి చర్యలకు ఆదేశించారు. ఏఐ బొమ్మలు తిరిగిన మాట నిజమే. యంత్రాల ముందు నెమలి, జింక నిలబడ్డట్టు గిబ్లీ పద్ధతిలో గీసిన ఒక బొమ్మను ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ తిరిగి పంచుకున్నారు. ఏప్రిల్ 12న ఆమెకు గచ్చిబౌలి పోలీసుల నోటీసు వెళ్లింది. రెండు వేల మంది పంచుకున్నారు, అందరికీ నోటీసులిస్తారా అని ఆమె అడిగారు. అది కార్టూన్ బొమ్మ అని చూసిన ఎవరికైనా తెలుస్తుంది, ఫొటో అనుకుని మోసపోయేవాళ్లు ఉండరు. మోసగించే నకిలీ వీడియో మీద చర్య తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. కానీ ప్రభుత్వానికి చెడ్డపేరు వచ్చిందన్నది చట్టంలో నష్టంగా లెక్కకు రాదని 1994లోనే జీవన్ రెడ్డి గారు రాసిపెట్టారు. ఆ దావా తలుపు మూసి ఉంది కాబట్టి పోలీసు నోటీసు తలుపు తట్టారు.

ఆ నోటీసుకు తొమ్మిది రోజుల ముందు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3 ఉత్తర్వులో, అక్కడికి స్వయంగా వెళ్లి చూసొచ్చిన రిజిస్ట్రారు నివేదిక సారాంశం ఉంది. భారీ యంత్రాలు, కొట్టేసిన చెట్లు, దగ్గర్లో చెరువు. ఆ స్థలంలో కొన్ని నెమళ్లు, జింకలు, పక్షులు కూడా కనిపించాయి అని అందులో రాసుంది.